సంతకానికి బదులు కూర

మా ఇంటి డాబా మీద రేకుల గది ఒకటి ఉంది. కింద మేముంటాం, మొదటి అంతస్తు ఒడిశా నుంచి వచ్చిన ఒక కుటుంబానికి కిరాయికిచ్చాం, ఆ పైన ఈ గది. కింది రెండు అంతస్తులకూ అనుమతి ఉంది. రేకుల గదికి లేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. నేను చేసిన పాడుపని అంతా ఆ గది కోసమే చేశాను.

పటాన్‌చెరులో పెద్ద రోడ్డుకు వెనకవైపు మా కాలనీ. మా ఆయన జిన్నారం దిక్కు ఒక మందుల కంపెనీలో ఆపరేటరు. ఆయన షిఫ్టు బస్సును బట్టే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో పన్నెండేళ్లు తెలుగు చెప్పి, మోకాళ్లు మొరాయించాక మానేశాను. ఇల్లు నా పేరు మీదే ఉంది. కిరాయి మాట్లాడేది నేనే, కిరాయిదార్లతో పోట్లాడేదీ నేనే. నా నోరు మంచిది కాదని కాలనీలో అందరికీ తెలుసు. నోరెలా ఉన్నా మనసు మంచిదని కూడా అంటారు. ఆ రెండో మాటను నేను చాలా ఏళ్లు నమ్మాను.

ఆ అమ్మాయిని మా ఇంటికి తీసుకొచ్చింది మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన. ఆమె ఉండే హాస్టల్ బట్టలు కూడా ఆయనే తెచ్చి ఇస్త్రీ చేస్తాడు. ఇథియోపియా దేశమట. ఇరవై ఆరేళ్లుంటాయి. పొడుగ్గా, సన్నగా ఉంది. తలకు అంటుకునేలా చిన్న చిన్న జడలు, మెడలో నల్లతాడుకు సిలువ. జొన్నల మీద పరిశోధన చేయడానికి మన దేశం వచ్చిందని ఇస్త్రీ ఆయన చెప్పగానే నాకు నవ్వు ఆగలేదు. పుట్టింట్లో పూటపూటకూ జొన్నరొట్టె తిని విసిగిపోయినదాన్ని. దాని గురించి చదువుకోవడానికి సముద్రం దాటి వస్తారా అన్నాను. ఆమెకు ఏమర్థమైందో గానీ నాతోపాటు నవ్వింది.

తన సంగతి ఆమె ఇంగ్లీషులో నెమ్మదిగా, నాకు అందేలా చెప్పింది. స్కాలర్‌షిప్పు మూడేళ్లకే ఇస్తారు. ఆ మూడేళ్లలో ఒక వానాకాలం ఆమె తన సొంత జిల్లాలో, అక్కడి నేలలో, ఇక్కడి రకాలు విత్తి పంట తీసి చూపించాలి. అది లేకపోతే పట్టా లేదు. పోయి రావడానికి విమానం ఖర్చు ఎవరూ ఇవ్వరు. జూన్ వానలు పడేలోపు ఊళ్లో ఉండాలి. హాస్టల్లో ఉంటే నెల గడవడమే కష్టంగా ఉంది, చవక గది దొరికితే మే నెలకల్లా టికెట్ డబ్బు మిగులుతుంది. బయట ఎక్కడ అడిగినా ఐదు వేలంటున్నారు.

నేను రెండున్నర వేలన్నాను. ఎండాకాలంలో పెనంలా కాలే గదికి అంతకన్నా ఎవరూ ఇవ్వరు, అది వేరే విషయం. ఆమె మాత్రం నా రెండు చేతులూ పట్టుకుంది. దీపావళి వెళ్లిన వారం అది.

పరాయి దేశంలో కాపురం పెట్టడమంటే ఏమిటో ఆమెను చూశాకే నాకు తెలిసింది. బకెట్టు, చాప, దోమతెర, చిన్న గ్యాసు సిలిండరు, ఒక గిన్నె, ఒక పెనం. దేనికి ఎంత ఇవ్వాలో తెలియదు, ఎంతకు అడగాలో అసలే తెలియదు. మొదటి వారమే రోడ్డు పక్కన ఒకడు చాపకు ఆరు వందలు తీసుకున్నాడు. ఆ చాప చంకలో పెట్టుకుని నేనే వాడి దగ్గరికి పోయాను. పిల్ల ఊరికి కొత్తదని గుంజుకుంటావా అని నలుగురి ముందు కడిగేసి, మూడున్నర వందలు వెనక్కి తెచ్చాను. ఆ రోజు నుంచి నేను ఏది చెబితే అదే ఆమెకు వేదం.

వారం అంగడికి పొద్దుగూకే వేళ తీసుకుపోయాను. ఆ వేళకు అమ్మేవాళ్లు మూటలు కట్టుకునే తొందరలో ఉంటారు, కొంచెం తగ్గించి ఇచ్చేస్తారు. మెత్తబడిన టమాటాలు పచ్చడికి తీసుకోవచ్చని, కొత్తిమీర కొసరు అడగకుండా కదలకూడదని, తూకం వేసేటప్పుడు మనిషి మొహం చూడకుండా కాటా చూడాలని నేర్పాను. సాయంత్రాలు కూర్చోబెట్టి తెలుగు చెప్పాను. బడి మానేశాక నాకు శిష్యులు లేరు, ఆమె దొరికింది. సంక్రాంతి నాటికి "జెర తక్కువ చెయ్యన్నా" అని బేరమాడుతుంటే కూరగాయల ఆయన నవ్వి నాలుగు మిరపకాయలు ఎక్కువ వేసేవాడు.

ఆమెకొక అలవాటు ఉండేది. ఏ ఖర్చునైనా జొన్నల్లోకి మార్చి చూసుకునేది. షేర్ ఆటోకు పదిహేను రూపాయలంటే పావుకిలో జొన్నలు. షాంపూ సీసా అంటే మూడు కిలోలు. మూడు కిలోల జొన్నలు తలకు రుద్దుకుంటామా అని నన్నే అడిగి, సబ్బుతో తల కడుక్కునేది. ఆటో మానేసి నడిచేది. మా దగ్గర ఆడవాళ్లకు బస్సు ఉచితం, కానీ ఆధార్ కార్డు చూపించాలి. ఆమెకు అదెక్కడిది? ఒకే సీట్లో కూర్చున్న ఇద్దరిలో నాకు జీరో టికెట్, ఆమెకు డబ్బుల టికెట్. ఆ టికెట్‌ను మడిచి పుస్తకంలో పెట్టుకుని, ఎన్ని గింజలు పోయాయో రాసుకునేది.

ఒకరోజు మెట్ల మీదంతా పులిసిన కంపు. మొదట కంపెనీల వాసన అనుకున్నాను. గాలి తిరిగితే మా దగ్గర ముక్కు మూసుకోవాల్సిందే. ఇది మాత్రం పై నుంచి వస్తోంది. మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయి దడదడా ఎక్కి, ఏం కుళ్లబెట్టావు నా ఇంట్లో అని అరిచాను. ఆ పిల్ల బెదిరిపోయింది. జొన్నపిండి కలిపి మూడు రోజులు పులియబెట్టిందట. పెనం మీద పోసి, మూత పెట్టి, ఒక అట్టు తీసి నా చేతిలో పెట్టింది. వాళ్ల దేశంలో రోజూ తినే రొట్టె. పుల్లగా, మెత్తగా, ఒక పక్కంతా చిల్లులు. తిన్నాను. ఇంకోటి అడిగి తిన్నాను. అరిచినందుకు మాత్రం ఏమీ అనలేదు, మర్నాడు గిన్నెడు పప్పు పంపాను. తప్పయిందని చెప్పాల్సిన చోట నేను వంటకం పెడతాను, చిన్నప్పటి నుంచీ అంతే.

ఇక కాగితం సంగతి.

గదిలో దిగిన రెండో రోజే ఆమె అడిగింది. విదేశీయులెవరైనా ఇంట్లో దిగితే ఇంటివాళ్లు ఒక్క రోజులో ఆన్‌లైన్లో ఒక ఫారం నింపాలట, దాన్ని సి ఫారం అంటారట. దానితోపాటు కిరాయి ఒప్పందం మీద నా సంతకం, ఇంటి పన్ను రసీదు కావాలి. ఈ దేశంలో ఉండటానికి ఆమెకిచ్చిన అనుమతి మార్చి ఆఖరుతో అయిపోతుంది. చిరునామాకు రుజువు చూపిస్తేనే దాన్ని పొడిగిస్తారు. పొడిగిస్తేనే ఊరికి పోయి మళ్లీ రావడానికి వీలవుతుంది. ఒప్పందం కాగితాన్ని ఆమే టైపు చేయించి, ఖాళీలు వదిలి, నా చేతికిచ్చింది.

పన్ను రసీదులో రెండు అంతస్తులే ఉన్నాయి. మా వీధి చివర ఒకాయన పైన ఇంకో అంతస్తు లేపితే నోటీసు వచ్చింది, ఆయన ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. నేను సంతకం పెట్టి, పైన గదిలో ఫలానా మనిషి ఉందని కంప్యూటర్లో ఎక్కిస్తే, నా గది సంగతి నేనే చెప్పుకున్నట్టు కాదా? పైగా మా దగ్గర ఒక్క గదికి ఎవరూ కాగితం రాసుకోరు. నోటిమాట, నెల అడ్వాన్సు, తాళంచెవి, అంతే. మా నాన్న సంతకం రాక, ఏ కాగితమో తెలియక వేలిముద్ర వేసి మూడెకరాలు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ పొలంలో కంపెనీ గోడ ఉంది. కాగితం కనబడితే చేతులు వెనక్కి పెట్టుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు. చదువు చెప్పి బతికినదాన్ని, ఆ కాగితంలో ఏముందో చదవగలను. అందులో నాకు నష్టం చేసే మాట ఒక్కటీ లేదు.

రేపు చూద్దాం బిడ్డా అన్నాను. ఆ కాగితాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. వెనక్కి వచ్చి, చిక్కుడుకాయ కూర గిన్నెలో వేసి ఆమె చేతికిచ్చాను. ఆమె మొహం వికసించింది.

అలా మొదలైంది. ఆమె అడిగినప్పుడల్లా నేను ఒక గిన్నె నింపేదాన్ని. కాగితం ఏమైందంటే బీరకాయ. మళ్లీ అడిగితే గుడ్ల పులుసు. బుధ, శుక్రవారాలు ఆమెకు ఒక్కపొద్దు, పాలు కూడా ముట్టదు. ఆ రోజుల్లో అడిగితే పప్పుచారు. సర్వర్ పనిచేయడం లేదట అన్నాను. రసీదు ఎక్కడో పెట్టాను, దొరకడం లేదన్నాను. ఆడబిడ్డ ఇంట్లో శుభకార్యం అయ్యాక అన్నాను. అడిగి అడిగి ఆమె అడగడమే తగ్గించింది. నేను మాత్రం గిన్నెలు తగ్గించలేదు. కాలనీలో ఆడవాళ్లు, దేశం కాని దేశం పిల్లను కన్నబిడ్డలా చూసుకుంటున్నావని మెచ్చుకునేవాళ్లు. నేను కాదనలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆమె గంతులేస్తూ కిందికి దిగింది. ఫోన్‌లో టికెట్ చూపించింది. మే ఇరవై ఆరున విమానం. ముందే కొంటే చాలా చవక, కానీ రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు. మూడు నెలలుగా నడిచిన నడక, సబ్బుతో కడిగిన తల, మెత్తని టమాటాలు, అన్నీ ఆ టికెట్‌లో ఉన్నాయి. ఆమెకు నేను నేర్పిన పొదుపంతా అందులో ఉంది. సంతోషంతో నన్ను వాటేసుకుంది. లోపలికి పోయి బెల్లం వేసి సేమియా చేశాను.

పది రోజులకు ఆమె దరఖాస్తు తిరిగొచ్చింది. చిరునామా రుజువు లేదని రాశారు. ఈసారి ఆమె ఇంగ్లీషు మాట్లాడలేదు. నేను నేర్పిన తెలుగులోనే, "ఆంటీ, జెర సంతకం చెయ్యండి, నాకు పరేషాన్ ఐతుంది" అంది.

ఆ మధ్యాహ్నం మా ఆయన మొదటి షిఫ్టు నుంచి రాగానే వంటింట్లో ఈ మాట ఎత్తాను. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడడు.

"పెడ్తె పెట్టు. పెట్టనంటె పెట్టనని చెప్పు, ఇంకో రూం సూసుకుంటది. పిల్లను నడిమిట్ల నిలవెట్టకు," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. నోటీసు వస్తే ఆఫీసుల చుట్టూ తిరిగేది నువ్వా నేనా అని ఎగిరాను. నెలకు రెండున్నర వేలు ఊరికే వస్తాయా అన్నాను. నాలుగు రోజులు అడుగుతుంది, తర్వాత తనే ఊరుకుంటుంది, వేరే దారి చూసుకుంటుంది అని కూడా అన్నాను. ఆయన చేయి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు ఆమె అడిగితే, నేను పెడదామనే అనుకుంటున్నాను బిడ్డా, మా సారే ఒప్పుకోవడం లేదు అని మా ఆయన మీద పెట్టి చెప్పాను. ఇంత పచ్చి అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నా నోటికి! ఆమె సరేనని తలూపింది. విచిత్రమేమిటంటే ఆ తర్వాత కూడా ఆయన గేటు తీసుకుని వస్తుంటే ఆమె లేచి నిలబడి నమస్తే పెట్టేది, ఇంకా ఎక్కువ గౌరవంగా. మంచి పిల్ల, మనసులో ఏమీ పెట్టుకోలేదు అనుకున్నాను.

చేసిన పాపం చాలదన్నట్టు ఇంకొకటి చేశాను. మార్చిలో ఒక మంగళవారం ఆమెను ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ గుడికి తీసుకుపోయాను. పని కావాలంటే అమ్మవారికి మొక్కుకోవాలని చెప్పి నేనే బయల్దేరదీశాను. సంగారెడ్డి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆమె తమ దేశపు తెల్లటి పలుచని శాలువా తల మీద కప్పుకుని, చెప్పులు విప్పి, నేను చేసినట్టే చేసింది. కొబ్బరికాయ కొట్టించాను. ఈ పిల్ల కాగితాలు జల్దీ రావాలి తల్లీ అని కళ్లు మూసుకుని, నోరు తెరిచి, పక్కవాళ్లకు వినబడేలా మొక్కాను. ఆ కాగితం నా బీరువాలో ఉంది. అమ్మవారి ముందు నిలబడి నేను ఎవరిని అడుగుతున్నట్టు? గుళ్లోంచి బయటికి వచ్చాక ఆమె నాకు చెరుకురసం ఇప్పించింది. పావుకిలో జొన్నలకంటే ఎక్కువే, అయినా ఇప్పించింది. తాగాను, సిగ్గు లేకుండా.

మార్చి వెళ్లిపోయింది. ఆమె అనుమతి తేదీ దాటింది. ఏప్రిల్‌లో రేకులు కాలిపోతుంటే తడిబట్ట కప్పుకుని చదువుకునేది. ఆమె పరిశోధన చూసే గైడు సారు ఆఫీసులో ఎవరితోనో మాట్లాడాడని, ఎవరు మాట్లాడినా చివరికి ఇంటి యజమాని కాగితం లేనిదే కాదన్నారని చెప్పింది. అదైనా నా వైపు చూడకుండా చెప్పింది. మే ఇరవై ఆరు వచ్చింది. ఆ రోజు ఆమె ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏం చెప్పాలో అని పొద్దుటి నుంచి మాటలు కూడబెట్టుకున్నాను. ఆమె ఏడవలేదు. బట్టలు ఉతికి డాబా మీద ఆరేసింది, ఎప్పటిలాగే నడిచి చదువుకు పోయింది. విమానం వెళ్లే వేళకు నేను వంటింట్లో కూర్చుని ఉన్నాను. ఏ పనీ చేతకాలేదు.

మృగశిర కార్తె ప్రవేశించిన రోజు మా దగ్గర ప్రతి ఇంట్లో చేపలు తినాలి. పొద్దునే పోయి బొచ్చె చేప తెచ్చి పులుసు పెట్టాను. పెద్ద గిన్నెలో తల ముక్క వేసి పైకి తీసుకుపోయాను. తలుపు తీసే ఉంది. ఆమె ఫోన్‌లో వాళ్ల నాన్నతో మాట్లాడుతోంది. ఆయన పొలంలో నిలబడి ఫోన్ అటూ ఇటూ తిప్పి చూపిస్తున్నాడు. దున్నిన నేల, తడిసి నల్లబడింది. ఆయన వంగి మట్టి తీసి, పిడికిట్లో నొక్కి, వేళ్లు విప్పి చూపించాడు. ముద్ద విడిపోకుండా నిలిచింది.

ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. ఆయన ఏమన్నాడో మాత్రం నాకు తెలుసు. మా నాన్న ప్రతి ఏడూ ఈ కార్తెలోనే అలా వంగి, మట్టి నొక్కి చూసి, విత్తడానికి పదును ఉందనేవాడు. ఆ పదును నాలుగు రోజులుంటుంది. తప్పితే మళ్లీ ఏడాదే. జొన్నరొట్టె తిని పెరిగినదాన్ని, రైతు బిడ్డను, ఒక పిల్ల అదును పోగొట్టి ఆమె ముందు చేపల గిన్నెతో నిలబడ్డాను.

ఆమె ఫోన్ పెట్టేసి గిన్నె వైపు చూసింది. "వద్దాంటీ. తినబుద్ధి అయితలేదు," అంది. అన్ని నెలల్లో నేను పెట్టింది వద్దనడం అదే మొదలు.

కిందికి వచ్చి బీరువా తెరిచాను. మర్నాడు పొద్దునే ఆమెను తీసుకుని సంగారెడ్డి పోయాను. కోర్టు బయట స్టాంపు పేపర్లు అమ్మి, టైపు చేసిపెట్టే ఆయన దగ్గర కూర్చున్నాం. ఆమె చేతిలోని పాత కాగితం చూసి టైపు కొడుతూ, ఏ పోర్షన్ అని అడిగాడు. పైన ఒక గది అన్నాను. పై అంతస్తులో ఒక గది అని, తలెత్తకుండా కొట్టేశాడు. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. పక్కన కుర్రాడెవరో ఆమె ఫోన్‌లోనే సి ఫారం నింపిపెట్టాడు. మొత్తం పావుగంట కూడా పట్టలేదు. అయిన ఖర్చు నేను తెచ్చిన చేప ఖరీదు కంటే తక్కువ.

నోటీసు రాలేదు. ఎవరూ రాలేదు. ఈ రోజు దాకా ఆ గది గురించి నన్ను అడిగిన నాథుడు లేడు. ఎవరైనా వచ్చి గది కూలగొట్టి పోయినా బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు కనీసం నేను భయపడిందానికి ఒక అర్థం ఉండేది.

గడువు దాటాక పెట్టిన దరఖాస్తు కాబట్టి జరిమానా కట్టాల్సి వచ్చింది, వివరణ రాయాల్సి వచ్చింది. ఆఫీసువాళ్ల తప్పేమీ లేదు. అనుమతి కాగితం చేతికొచ్చేసరికి ఆగస్టు. అప్పటికి వాళ్ల ఊళ్లో పక్క రైతుల జొన్న మోకాలెత్తు పెరిగింది. ఆమె పొలం బీడు. మళ్లీ వానాకాలం దాకా ఆగాలి, మూడేళ్లు నిండిపోవడంతో ఆ ఏడాదికి స్కాలర్‌షిప్పు లేదు, కొత్తగా టికెట్ కొనాలి. పిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. ప్రయోగశాలలో ఎవరివో గింజలు లెక్కపెట్టే పని చేసింది. ఆమె బుగ్గలు లోపలికి పోయాయి.

నువ్వు పోయేదాకా కిరాయి ఇవ్వొద్దు అన్నాను. వద్దులే ఆంటీ, తీసుకోండి అని మర్యాదకైనా అంటుందనుకున్నాను. అనలేదు. సరే అని ఒక్కసారే తలూపి పైకి వెళ్లింది. నిజం చెప్పొద్దూ, నాకు చురుక్కుమంది. ఇంత చేస్తున్నా ఒక్క మంచి మాట లేదే అనుకున్నాను. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు.

మరుసటి మే నెలలో ఆమె ప్రయాణం ఖాయమైంది. గురువారం విమానం. సోమవారం సాయంత్రం డాబా మీద కాఫీ పెట్టింది. వాళ్ల పద్ధతిలో పచ్చి గింజలు అప్పటికప్పుడు వేయించి, దంచి, మట్టికూజాలో కాచి, ఒకే పొడిలో మూడుసార్లు నీళ్లు పోసి మూడు విడతలుగా తాగుతారు. మొదటి విడత చిక్కగా ఉంటుంది. రెండో విడత అయ్యేదాకా ఏవేవో మాట్లాడాను. మూడు రోజులు పోతే ఆమె ఎదురుగా ఉండదు, ఆ తర్వాత ఎప్పుడు చెబుతాను? నోరు విప్పాను. రసీదు పోలేదని, కాగితం మొదటి నుంచీ నా చీరల కిందే ఉందని చెప్పాను. మా ఆయన ఎన్నడూ వద్దనలేదని, ఆయన పేరు వాడుకున్నానని చెప్పాను. గుడిలో మొక్కు కూడా చెప్పాను. చెబుతూ ఏడ్చాను, ఆపుకోలేకపోయాను.

ఆమె కూజా వంచి మూడో విడత పోస్తోంది.

"ఎర్కే, ఆంటీ," అంది.

ఫిబ్రవరిలో ఆ మధ్యాహ్నం ఖాళీ గిన్నె ఇచ్చిపోదామని కిందికి దిగిందట. వంటింటి కిటికీ తెరిచి ఉంది. మా ఆయన అన్నదీ విన్నది, నేను ఎగిరిందీ విన్నది. నాలుగు రోజులు అడుగుతుంది, తర్వాత తనే ఊరుకుంటుంది అన్నదీ విన్నది. అప్పటికి ఆమెకు ఆ మాత్రం తెలుగు వచ్చు, నేర్పింది నేనే. గిన్నె మెట్టు మీద పెట్టి చప్పుడు చేయకుండా పైకి పోయిందట.

"మరి ఎందుకడగలే బిడ్డా? నా మొహం మీదనే అడగొచ్చు గద," అన్నాను.

ఆమె తప్పు లేకుండా చెప్పాలన్నట్టు ఒక్కో మాటే పేర్చింది.

"అడిగితె రూం ఖాళీ చెయ్యమంటరు. వేరే రూం ఐదు వేలు. ఐదు వేలు ఇస్తె టికెట్ రాదు. ఇయ్యాల కాకుంటె రేపు ఆంటీ సంతకం పెడ్తది, రోజు కూర పెట్టే మనిషి గద అనుకున్న. గట్లనే బడ్జెట్ రాసుకున్న. అన్ని కరెక్టే వచ్చినయ్, ఆంటీ. మీదొక్కటే తప్పింది."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. కప్పు నా ముందుకు జరిపింది.

క్షమించు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట నేనంటే ఆమె, పర్వాలేదు ఆంటీ అనేది, నాకు తెలుసు. వెంటనే అనేది, నవ్వుతూ అనేది. అందుకే అడగలేదు. ఇంకా మూడు రోజులు ఆమె నా గదిలోనే ఉండాలి.